ఒకరి చేతుల మీద

'మన కాళ్ల మీద మనం నిలబడాలి' అనే మాటని మేం గంజితో పాటు తాగి పెరిగాం. వెలివాడలో బడికెళ్లిన ప్రతి పిల్లకీ తల్లి చెప్పేదదే. ఏప్రిల్ 14న మైకు పట్టుకుని మేం చెప్పేదీ అదే. ఒకరి గుమ్మం ముందు చెయ్యి చాచొద్దు, ఒకరి చేత మాట పడొద్దు. అలా అలా ఆత్మగౌరవం అంటే ఎవరి అవసరమూ లేకుండా బతకడమేనని మాలో చాలామందికి స్థిరపడిపోయింది. ఆ అర్థం సరైందేనా అని నన్ను నేను అడగాల్సిన అవసరం 52వ ఏట వచ్చింది.

నడుంలో మూడు ఎముకల్ని 6 స్క్రూలతో, రెండు కడ్డీలతో కలిపి బిగించారు. తుంటి ఎముక కాస్త గీరి మధ్యలో పెట్టారు. స్క్రూలు పట్టి ఉంచడానికే, అసలు అతుకు పడాల్సింది ఎముకే. అది గట్టిపడటానికి ఆర్నెల్లు, ఒక్కోసారి ఏడాది. అందాకా వంగకూడదు, మెలి తిరగకూడదు, బరువెత్తకూడదు. పక్కకి తిరగాలంటే భుజాలూ నడుమూ తుంటీ ఒక్కసారే, దుంగ దొర్లినట్టు దొర్లాలి. కింద పడ్డ పెన్ను తీసుకోలేను. జడ వేసుకోలేను.

'వంగొద్దు' అని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. మా అమ్మ పక్కనే ఉంది. ఆయన వెళ్లాక నవ్వింది. "మనల్ని వంగొద్దన్నోడు ఈయనొక్కడేనే, నా డెబ్బయ్యేళ్లలో!" అంది. ఆమె నాట్లకి పోయిన మనిషి. ఆషాఢ శ్రావణాల్లో పొద్దు పొడిచిన కాడ్నించి పొద్దు కూకేదాకా మోకాటి లోతు బురదలో వంగిన నడుం అది. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి 'నడుం ఎత్తమాకండే' అని అరవడం నేను చెవులారా విన్నాను. ఇప్పుడామె నడిచినా వంగే నడుస్తుంది. ఆ నడుముకి దొరికిన వైద్యం వావిలాకు కాపడం. నాకు ఉద్యోగముంది, హెల్త్ కార్డుంది, కాబట్టి స్క్రూలు దొరికాయి. ఆమె వంగితే నేను చదువుకున్నాను, నాకు నడుం చెడితే మళ్లీ ఆమే వంగింది. దీన్ని ప్రేమ అనాలా, వెట్టి అనాలా?

మా కాలనీ ఇళ్లల్లో మరుగుదొడ్లన్నీ నేలబారువి. గొంతుక్కూర్చోవడం నా వల్ల కాదు. కుర్చీకి మధ్యలో కంత కోయించి కింద బకెట్ పెట్టారు. ఆ బకెట్ చూసిన మొదటిరోజు నాకు అన్నం సయించలేదు. పాకీదొడ్లు పడగొట్టాలని కరపత్రాలు రాసినదాన్ని. మనిషి మలాన్ని మనిషి ఎత్తకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయని ఊరూరా చెప్పినదాన్ని. ఇవాళ నా ఇంట్లోనే నాది ఇంకొకరు ఎత్తాలి. ఆస్పత్రిలో ఆయమ్మ ఎత్తింది, ఇంట్లో అమ్మ.

నేను ఎత్తించుకుంటున్నందుకు సిగ్గుపడాలా? చాలా రోజులు ఇదే తిరిగింది బుర్రలో. మంచం మీద ఉన్నవాళ్లకి ఆలోచించడం తప్ప వేరే పనేముంది కనక!

తన కాళ్ల మీద తను నిలబడ్డ ఆసామి మా ఊళ్లో ఎవడున్నాడు? ఆయన గింజ మా అమ్మ నాటింది. ఆయన చెప్పు మాదిగ తాత కుట్టాడు. ఆయన బట్ట చాకలి ఉతికాడు. ఆయన పిల్లల్ని మా పేటలోని మంత్రసానే బయటికి తీసింది. బొడ్డు కోసిన చెయ్యి నీళ్లకుండ ముట్టుకోకూడదు. పుట్టిన దగ్గర్నించి పాడెక్కేదాకా పదిమంది చేతుల మీద బతికినవాడు గౌరవంగల మనిషయ్యాడు, ఆ చేతులు మైల చేతులయ్యాయి. ఆధారపడటం సిగ్గుమాలిన పనైతే ముందు సిగ్గుపడాల్సింది ఎవరు?

ఆస్పత్రిలో నా పక్క మంచం ఆవిడకి కూడా ఆయమ్మే ఒళ్లు తుడిచేది, కింద శుభ్రం చేసేది. ఒకరోజు దారికడ్డంగా ఉందని టిఫిన్ కేరేజీ పక్కకి పెట్టబోయింది. 'అది ముట్టుకోకు, మా అమ్మాయి తీస్తది' అందావిడ. ఆయమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "చూశావా టీచరమ్మా, ముడ్డి కడిగితే అంటలేదంట, కేరేజీ ముట్టుకుంటే అంటిందంట" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే కుట్లు లాగేవి, అయినా నవ్వాం.

నా లెక్కలో తేడా అక్కడుంది. ఎత్తడంలో పాపం లేదు. ఫలానా కులంలో పుట్టావు గనక నువ్వే ఎత్తాలి, నీ తర్వాత నీ కూతురెత్తాలి, ఎత్తినందుకు దూరంగా నిలబడాలి అనడంలో ఉంది. చేసేవాళ్లకి 'నేను చెయ్యను' అనే వీలుండాలి. కూలి సరిగ్గా ముట్టాలి. వంతు మారాలి. ఈ మూడూ లేని సేవని ఎంత తీయగా పిలిచినా వెట్టే.

బాబాసాహెబ్‌కి షుగరుండేది, కాళ్ల నొప్పులుండేవి. చివరి ఏళ్లలో డాక్టరైన భార్య సవితమ్మ కనిపెట్టుకుని ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది ముందు బౌద్ధం తీసుకున్నప్పుడు ఆయన ఒక చేత్తో కర్ర పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి నానక్‌చంద్ రత్తు భుజం మీద వేశాడు. మన పోస్టర్లలో వేలు చూపిస్తూ నిటారుగా నిలబడ్డ బొమ్మే ఉంటుంది. ఆ భుజం మీది చెయ్యి బొమ్మ కూడా పిల్లలకి చూపించాలి.

జయంతి రోజున మా మీటింగు మేడ మీద హాల్లో పెట్టారు. 22 మెట్లు. పిల్లలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి "అక్కా, నలుగురం మోస్తాం" అన్నారు. ప్రేమగానే అన్నారు. కానీ మనుషుల భుజాల మీద ఊరేగిన దొరల కథలు వాళ్లకి చెప్పిందే నేను. మీటింగే కిందకి దించండ్రా అన్నాను. గొణుక్కుంటూనే మైకు దించి వేపచెట్టు కింద పెట్టారు. పోలియో వచ్చిన చెప్పులు కుట్టే పెద్దాయనొకాయన ఆరోజు మొదటిసారి మా మీటింగులో కూర్చున్నాడు. అన్నేళ్లుగా ఆయన రోడ్డు మీదే ఉండి మా ఉపన్యాసాలు వింటున్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి సర్కారుని అడుగుతాం, మన హాలు మెట్ల గురించి మనల్ని ఎవరడగాలి?

ఇంట్లో లెక్క ఇంకా తేలలేదు. నెలరోజులు బకెట్ అమ్మే ఎత్తింది. తమ్ముడు ముందుకొస్తే చెయ్యి పట్టుకుని ఆపింది, "మగోడు ఎత్తుతాడేందిరా" అని. ఊళ్లో కులం చెప్పిన మాటే మా ఇంట్లో ఇలా మారువేషంలో మాట్లాడింది. రెండు రోజులు గొడవ పడ్డాం. అమ్మ ఏడ్చింది కూడా. ఇప్పుడు పొద్దున వంతు తమ్ముడిది, సాయంత్రం అమ్మది. వాడు చేసేటప్పుడు ఆమె ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది.

మొన్న ఆయమ్మ ఫోన్ చేసింది. మూడు నెలలుగా కాంట్రాక్టరు జీతం ఇవ్వలేదంట. అర్జీ నేనే రాసిచ్చాను. వెల్లకిలా పడుకుని రాయడంతో అక్షరాలు వంకరపోయాయి. తమ్ముడు తీసుకెళ్లిచ్చాడు. పదకొండు మంది ఆయాలు సంతకాలూ వేలిముద్రలూ వేశారు. సోమవారం కలెక్టరాఫీసుకి పోతున్నారు.