తెలిసినవాని లాభము – తెలియనివాని నష్టము

మన రాయపురములోని కాశిమేడు చేపల రేవున తెల్లవారకముందే వేలము సాగును. ఒడ్డున నిలిచి, గాలిని చూచి, అనుభవముతో ధరను ఊహించు వ్యాపారి లాభపడినచో ఎవరును తప్పుపట్టరు. అది అతని నేర్పు. కాని పడవల యజమానుల లెక్కలు వ్రాయు గుమస్తా, వెనుక పది పడవలు నిండుగా వచ్చుచున్నవని ఉద్యోగరీత్యా తెలిసికొని, ఆ మాట దాచి, తన చేతిలోని సరుకును హెచ్చు ధరకు అమ్ముకొనెననుకొందము. అది నేర్పగునా?

షేరు మార్కెట్టులో ఈ రెండవ పనికే ఇన్‌సైడర్ ట్రేడింగ్ అని పేరు. మన దేశమున సెబి దీనిని నిషేధించుచు 1992లో నిబంధనలు చేసినది. వాటి స్థానమున 2015లో క్రొత్తవి వచ్చినవి.

దీనివలన ఇతరులకు నష్టము లేదనువారును కలరు. అమెరికా న్యాయశాస్త్రాచార్యుడు హెన్రీ మాన్ 1966లో ఈ విషయముపై ఒక గ్రంథమే వ్రాసెను. ఆ పక్షమువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మార్కెట్టులో కొనువాడు ఎవరి షేరు కొనుచున్నాడో ఎరుగడు. లోపలివాడు అమ్మకున్నను, అతడు ఆనాడు ఆ ధరకే మరియొకని యొద్ద కొనియుండును. మరి లోపలివాడు చేసిన అపకారమేమి? పైగా అతని అమ్మకము ధరను నిజమునకు దగ్గర చేయును గదా అందురు.

దీనికి సమాధానము మన తెలుగునాటనే దొరకుచున్నది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేయని లేఖ వ్రాసెను. ఆ ఒక్క దినముననే షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయెను. ఈ రహస్యము తెలిసియుండియే కొందరు అంతకుముందు షేర్లతో లాభము పొందిరని సెబి 2014 జూలైలో తేల్చి, అయిదుగురిని 14 ఏండ్లు మార్కెట్టునకు దూరముగా ఉండుమని, సుమారు 1,849 కోట్లు వడ్డీతో చెల్లింపుమని ఆదేశించెను. అప్పీళ్ళ పిమ్మట ఆ మొత్తము తగ్గినది. మన ప్రశ్న మాత్రము తగ్గలేదు.

కొన్నవానిని ముంచినది అమ్మినవాని చేయి కాదు, దాచిన నిజమే అనుట సత్యమే. కాని ఆ నిజమును దాచినదెవరు? దాచుటవలన లాభము పొందినవారే. చెడువార్త వెలువడులోపల అమ్ముకొనవచ్చునన్నచో, ఆలస్యమే ఆదాయమగును. వెల్లడింపవలసినవానికి మౌనమే కూలి ఇచ్చినట్లగును. ధర నిజమునకు చేరుటకు దొంగచాటు అమ్మకములేల? ఒక్క ప్రకటన చాలును.

ఇంకొకటి. ఆ సమాచారము సంస్థది, అనగా వాటాదారులందరిది. దానిని కాపాడుమని జీతమిచ్చి నిలిపినవాడే, ఆ యజమానుల పైననే దానిని ప్రయోగించుట కంచె చేను మేయుట కాక మరేమి?

నష్టపడినవాని పేరు చెప్పలేకపోవుట నష్టము లేదనుటకు సాక్ష్యము కాదు. పాలలో నీరు కలిసినప్పుడు ఏ యింటికి ఎన్ని చుక్కలు చేరెనో ఎవరును లెక్కింపలేరు. వాడుకవారందరును మోసపోయిరని మాత్రము తెలియును. మన కుటుంబములలో పిల్లల చదువునకు, పెండ్లికి కూడబెట్టిన సొమ్ము షేరులలో పెట్టువారు నేడు కలరు. లాభనష్టములు దైవాధీనమని వారు ఓర్చుకొందురు. త్రాసు పట్టినవాడే మొగ్గు చూపుటను మాత్రము ఓర్వనక్కరలేదు.