కాయకము ఎప్పుడు భారమగును?

శరణ ధర్మమున కాయకమునకు కైలాసముతో సమానమైన స్థానము కలదు. ఈ మాట వీరశైవ కుటుంబములలో పుట్టిన ప్రతి బిడ్డకును చిన్ననాటనే చెవిని పడును. ఐతే ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై, ఉద్యోగమున చేరి, రాత్రి పది గంటలకు ఇల్లు చేరి, కంటికి నిద్రరాక పొరలుచున్నప్పుడు ఆ మాట అతనికి ఓదార్పుగా కాక నిందవలె వినిపించును. ‘కాయకము కైలాసమైనచో నాకు మాత్రము నరకమువలె ఏల ఉన్నది? లోపము పనిలో ఉన్నదా, నా భక్తిలో ఉన్నదా?’ అని అతడు తనలో తాను కుములును. ఈ ప్రశ్నను సోమరితనముగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

నెల్లూరు జిల్లాలోని సంగం పెన్నానది ఒడ్డున సంగమేశ్వరుడు వెలసిన ఊరు. బసవేశ్వరుడు తన వచనముల చివర ముద్రగా నిలుపుకొన్న కూడలసంగమదేవుని నామము ఈ ఊరి పేరులోనే వినవచ్చును. ఇక్కడి వరి రైతునకు బాధలు లేకపోలేదు. అప్పులు, తుఫానులు, ధరల పతనము ఎప్పుడును ఉన్నవే. ఐనను అతని శ్రమకు ఒక ఋతువు కలదు. నాట్ల కాలమున, కోతల కాలమున నడుము వంచి పనిచేసినను నూర్పిళ్లు ముగిసిన పిదప కొంత ఊరట లభించును. ఆ రైతు కుమారుడు నెల్లూరులోనో, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగి. అతనికి కోతకాలము ముగియుట లేదు. కార్యాలయము తలుపు మూసినను చేతిలోని ఫోను మూతపడదు. భోజనము చేయుచుండగా పైయధికారి సందేశము వచ్చును. బిడ్డ మాటలాడుచుండగా మనస్సు రేపటి లెక్కలపై ఉండును.

ఈ స్థితిని వైద్యశాస్త్రము చాలకాలముగా పరిశీలించుచున్నది. 1936లో హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు, కారణములు వేరైనను శరీరము ఒత్తిడికి ఒకే తీరున స్పందించునని ప్రకటించెను. 1979లో రాబర్ట్ కారాసెక్ మరియొక ముఖ్యవిషయమును చూపెను. పని ఎక్కువగుట ఒక్కటే మనుష్యుని కుంగదీయదు. పని ఎక్కువై, దానిని ఎట్లు చేయవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము లేనప్పుడే బాధ అధికమగును. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ప్రమాదము సుమారు 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించినవి. కావున ఇది కేవలము మనోదౌర్బల్యము కాదు. రక్తమాంసములకు సంబంధించిన విషయము.

ఇక శరణుల జీవితములను చూడవలెను. బసవేశ్వరుడు ఉద్యోగభారమెరుగని విరాగి కాడు. పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారాధికారిగా ఉండెను. రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని ఓర్వలేనివారు రాజుతో కొండెములు చెప్పగా, లెక్క చూచినప్పుడు ఏమియు తక్కువ కానరాలేదని పురాణగాథ. పాలకుని అనుమానము, తోటివారి అసూయ, లెక్కల బరువు అను మూడింటిని ఆయన ఎరుగును. ఆ బరువు నడుమ ఆయనను నిలిపినది ధనము కాదు, పదవి కాదు. పగటి పని ముగిసిన పిదప శరణులతో కూడి మనస్సు విప్పి మాటలాడుకొనుటకు ఒక చోటు కలదు. అక్కడ మంత్రియు, చాకలియు, తాళ్లు పేనువాడును ఒకే వరుసలో కూర్చుండిరి.

తాళ్లు పేనిన నులియ చందయ్య కథ అందరెరిగినదే. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను ఆయన కాయకమును ఆపలేదు. తుదకు లింగదేవునిచేతనే తాళ్లు అమ్మించెను. ఈ కథను చెప్పి, ‘చూడుడు, పూజకంటెను పని గొప్పది, నోరెత్తక పనిచేయుడు’ అని ఉద్యోగులకు బోధించువారు కలరు. ఇది కథకు అపార్థము. చందయ్య కోసిన గడ్డి ఎంతయో, పేనిన తాడు ఎంతయో నిర్ణయించిన యజమాని ఎవడును లేడు. ఆ చేతులు ఆయనవి, ఆ వేళ ఆయనది, ఆ ఆదాయము జంగమదాసోహమునకు. స్వేచ్ఛ, ఉద్దేశ్యము రెండును ఉన్నచోట శ్రమ కాయకమగును. ఆ రెండును తీసివేసి శ్రమను మాత్రము మిగిల్చినచో దానిని వెట్టి అనవలెను గాని కాయకమనరాదు.

ఆయ్దక్కి మారయ్య కథ దీనికి రెండవ భాగమువంటిది. కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. ఆయన భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికము మనకేల అని ప్రశ్నించి, ఉన్నచోటనే పోసి రమ్మని పంపెను. కాయకమునకు మేర ఉన్నదని ఆ ఇల్లాలు భర్తకు నేర్పెను. నేటి ఉద్యోగులలో కొందరి ఒత్తిడి ఈ మేర మరచుటవలన కలుగుచున్నది. పొరుగువాని ఇల్లు, బంధువుల కారు, పదోన్నతి పోటీ అను వాటిని చూచి తలకు మించిన బరువును కోరి ఎత్తుకొనుచున్నారు. అట్టివారి ఇంట లక్కమ్మ అడిగిన ప్రశ్న వినబడవలెను.

ఐతే అందరి బరువు కోరి ఎత్తుకొన్నది కాదు. జీతము లేక పూటగడవనివాడు అధికపు పనిని తిరిగి పోసి రాలేడు. అతనికి సహనము బోధించుట సులభము, ధర్మము మాత్రము కాదు. వీరశైవ కుటుంబములలో వర్తకులు, మిల్లు యజమానులు, అధికారులు కలరు. మఠములు విద్యాలయములు నడుపుచున్నవి. లక్కమ్మ ప్రశ్న మొదట వారికే చెల్లును. గుమాస్తాను వేళ దాటిన పిదప కూర్చుండబెట్టునప్పుడు, ఉపాధ్యాయునకు ఇద్దరి పని అప్పగించునప్పుడు ‘ఈ అధికము మనకేల?’ అని తమను తాము ప్రశ్నించుకొనవలెను. దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. పరుల కాలమును, నిద్రను హరింపకుండుటయు దాసోహమే.

ఉద్యోగి తనవంతుగా చేయదగినది కలదు. ఇష్టలింగార్చన వేళను ఏ సందేశమునకును ఇవ్వకుండుట, వారమున ఒక్కమారైన నలుగురితో కూడి మనస్సులోని మాట చెప్పుకొనుట, చేయలేని పనిని చేయలేనని మర్యాదగా చెప్పుట. నిద్ర, ఆకలి చెడి, బ్రతుకుపై విరక్తి కలిగినచో వైద్యుని ఆశ్రయించుట అవమానము కాదు. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా లభించును. మఠములు నెలకొకమారు ఉద్యోగుల గోష్ఠి జరిపినచో శరణుల సంప్రదాయమునే పాటించినట్లగును.

సంగమున పెన్నపై పందొమ్మిదవ శతాబ్దిలో కట్టిన ఆనకట్ట కదలని గోడ. వరద వచ్చినప్పుడు నీరు దానిపై నుండి పొరలుటయే గాని దారి తెరచు ఉపాయము దానికి లేదు. 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన బ్యారేజికి తలుపులు కలవు. కరవున మూసి నీటిని నిలుపును, వరదలో తెరచి విడుచును. రెండును ఆయకట్టు మేలుకొరకే. మనుష్యుని శ్రమకును అట్టి తలుపులు ఉండవలెను. వాటిని తెరచు అధికారము పనిచేయువానికి దక్కిననాడు కాయకము మరల కైలాసమగును.