ఇంట్లో ఎంతమంది?

ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న లెక్క ఇల్లాలికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మా అనంతపురం వైపు సంగటి ముద్దలు చేసేటప్పుడు చూడండి. పొలం పోయినాయనకొకటి, బడికి పోయిన పిల్లకొకటి, మంచం దిగలేని ఆడబిడ్డకొకటి. ఒక్క ముద్ద తక్కువ కాదు. అదే ఇల్లాలిని, సర్వేకి వచ్చిన అమ్మాయి కాగితాలు తీసి "మీ ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా?" అని అడిగితే, "అట్లాంటోళ్ళు మా ఇంట్లో ఎవురూ లేరమ్మా" అనేస్తుంది. ముద్దల లెక్కలో ఉన్న మనిషి కాగితం లెక్కలోంచి ఎందుకు జారిపోయినట్టు?

ఆవిడ అబద్ధమాడిందనడం తేలికే. నాకు మాత్రం అలా అనబుద్ధి కాదు. పెళ్ళి కావలసిన పిల్ల ఇంట్లో ఉంటే, "వాళ్ళ వంశంలోనే ఉందట" అన్న మాట పొరుగూరు చేరడానికి ఎంతసేపు? పైగా కొన్నిచోట్ల అది అబద్ధం కూడా కాదు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైన ఊళ్ళలో నడుములు వంగిపోతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి. పక్కింట్లోనూ, ఎదురింట్లోనూ అంతే అయినప్పుడు దాన్ని వైకల్యమని ఎవరనుకుంటారు? "వయసైపోయిందిలే" అనుకుంటారు.

అసలు చిక్కు జవాబులో కన్నా ప్రశ్నలోనే ఉందేమో! 1931 దాకా మన జనాభా లెక్కల్లో ఈ ప్రశ్న ఉండేది. ఆ తర్వాత మానేశారు. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం పుణ్యమా అని 1981 లెక్కల్లో మళ్ళీ అడిగారు. అదీ పూర్తిగా చూపు లేనివాళ్ళు, పూర్తిగా కాలూచేయీ ఆడనివాళ్ళు, పూర్తిగా మాట రానివాళ్ళు ఎందరని మాత్రమే. దేశం మొత్తానికి తేలినవాళ్ళు 11 లక్షలు. 1991లో మళ్ళీ మానేశారు. 2001లో అయిదు రకాలుగా అడిగితే 2 కోట్ల 19 లక్షలమంది. 2011లో ఎనిమిది రకాలుగా అడిగితే 2 కోట్ల 68 లక్షలమంది. జనం పెరిగారు, నిజమే. ఇరవై రెట్లు పెరగలేదుగా! అడిగినకొద్దీ కనిపించారు, అంతే.

ఐక్యరాజ్య సమితి పూనికతో 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు అనే బృందం ఓ చక్కని ఉపాయం చెప్పింది. వైకల్యం అన్న మాటే ఎత్తవద్దంది. కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడ్డానికి ఇబ్బందా? వినడానికి? నడవడానికి, మెట్లెక్కడానికి? గుర్తుంచుకోవడానికి? స్నానానికి, బట్టలు కట్టుకోవడానికి? మన మాట ఎదుటివాళ్ళకి తెలియజెప్పడానికి? ఆరే ఆరు ప్రశ్నలు. జవాబులు నాలుగు: లేదు, కొంచెం, చాలా, అసలు చేతకాదు. ఇందులో తల దించుకోవలసిందేముంది? పేరు పెడితే నొచ్చుకునే మనిషి కష్టమేమిటని అడిగితే చెప్పదూ?

అయితే ఎవర్ని అడుగుతున్నామన్నది ఇంకో సంగతి. వానల్లేక వేరుశనగ ఎండిన ఏడు వయసులో ఉన్నవాళ్ళు బెంగుళూరు కూలిపనులకు పోతారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్ళూ, కదల్లేనివాళ్ళూ. సర్వేకి వచ్చినవాళ్ళు గడపలో నిలబడి, ఎదురుగా ఉన్న మనిషినే "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడగడం విడ్డూరం కాదూ?

బళ్ళో వాలుబాట ఎన్నిచోట్ల కట్టాలో, మూడు చక్రాల బళ్ళు ఎన్ని కొనాలో లెక్క ఉంటేనే కదా తెలిసేది. కానీ నన్ను వేధించే ప్రశ్న అంతకన్నా చిన్నది. బిడ్డ సంగతి తల్లి దాచడం ప్రేమే కావచ్చు. ఆ గుట్టు ఎవరిది? తల్లిదా, బిడ్డదా? వయసొచ్చిన బిడ్డ తనే "చెప్పొద్దమ్మా" అంటే అది వేరు. ఆమెను అడక్కుండా, ఆమె వినేటట్టుగా, "ఎవురూ లేరు" అనడం వేరు. 2007లో మన దేశం ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో లెక్కలు తీయాలనీ ఉంది, వివరాలు గుట్టుగా ఉంచాలనీ ఉంది. గుట్టు కావాలంటే మనిషిని దాచనక్కర్లేదన్నమాట.

ఈసారి ఎవరైనా కాగితాలు పట్టుకొస్తే కుర్చీ వాకిట్లో వేయకండి, ఆ మంచం పక్కన వేయండి. చెప్పగలిగితే తననే చెప్పనివ్వండి. చెప్పలేకపోతే తన ఎదుటే కూర్చుని మీరు చెప్పండి. ఏమంటారు?