సేవాగంటలు: ఒక కామ్యకర్మ విచారణ

అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ తరువాతి చదువు. 1893లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల పట్టభద్రులను మాత్రమే చేర్చుకుంటామని నియమం పెట్టింది. అక్కడి వైద్యవిద్యపై వచ్చిన 1910 నాటి ఫ్లెక్స్‌నర్ నివేదిక ఆ కళాశాలనే ఆదర్శంగా చూపింది. డాక్టరు కాదలచినవారు ముందు నాలుగేళ్లు ఏదో ఒక డిగ్రీ చదవడం క్రమంగా అక్కడ ఆనవాయితీ అయింది. ‘ప్రీమెడ్’ అని పిలిచే ఆ సన్నాహంలో రసాయనశాస్త్రమూ, 472 నుంచి 528 వరకు స్కోరు ఇచ్చే ఎంక్యాట్ ప్రవేశపరీక్షా ఎంత కఠినమైనవైనా వాటిలో తాత్త్వికమైన చిక్కు లేదు. చిక్కంతా సేవ దగ్గర ఉంది. దరఖాస్తులో విద్యార్థి పదిహేను వరకు కార్యకలాపాలు చూపవచ్చు. ఆసుపత్రిలో స్వచ్ఛందసేవ, వైద్యుని వెంట ఉండి ఆయన పని గమనించే ‘షాడోయింగ్’ వంటివాటికి ఎన్ని గంటలు వెచ్చించినదీ, దానిని ధ్రువపరచగల వారెవరన్నదీ రాయాలి. 720 మార్కుల నీట్ ర్యాంకుతో ఎంబీబీఎస్ సీటు తేలిపోయే మన దేశంలో ఈ ప్రశ్నకు తావే లేదు గాని, అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది ఇంటి ప్రశ్నే: సీటు కోసం చేసిన సేవ సేవ అవుతుందా?

కాదనడానికి తత్త్వవేత్త కాంట్ తోడ్పడతాడు. లోకం తెలియని పిల్లవాడు కొనవచ్చినా సరైన ధరకే అమ్మే వర్తకుణ్ణి ఆయన 1785 నాటి గ్రంథంలో ఉదాహరించాడు. బేరం చెడకూడదని మాత్రమే అలా అమ్మితే, ఆ పని ధర్మానికి అనుగుణంగా ఉందే తప్ప ధర్మం కోసం చేసినది కాదు, కనుక దానికి నైతికమైన విలువ లేదు. తీర్పు పదునైనదే. అయితే మీమాంసకుల విభజన ఈ విషయంలో మరింత ఉపయోగకరం. ఫలం కోరి చేసేది కామ్యకర్మ, వర్షం కోరి చేసే కారీరీష్టి వంటిది. ఫలాపేక్ష లేకున్నా చేసి తీరవలసినది నిత్యకర్మ, సంధ్యావందనం వంటిది. కామ్యం నిషిద్ధం కాదు. పైగా నిత్యకర్మను శక్తికొలది చేసినా చెల్లుతుంది గాని, కామ్యకర్మను అంగలోపం లేకుండా చేయాలి, లేకుంటే ఫలం రాదు అంటారు.

ఈ నియమాన్ని ఆసుపత్రి వార్డులో పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. ముసలి రోగి దాహమంటే చటుక్కున గ్లాసు అందించడం దయలా కనిపిస్తుంది. నీళ్లు ఇవ్వవచ్చునా అని ముందు నర్సును అడగడం, ఇమ్మంటే మంచం తలవైపు ఎత్తించడం, గుటక పడే దాకా నిలబడడం, పిలుపుగంట రోగి చేతికందేచోట ఉంచి రావడం ఆ కర్మకు అంగాలు. గంటల కోసం వచ్చిన విద్యార్థి వీటిలో ఏదీ వదలకపోతే అతని కోరిక వల్ల రోగికి వచ్చిన నష్టమేమీ లేదు. దోషం మరోచోట ఉంది. ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలకు మించని స్వీయవ్యాసంలో ఆ కామ్యాన్నే నిత్యంగా, పుట్టుకతో వచ్చిన కరుణగా చెప్పుకోవలసిన పరిస్థితిని ప్రవేశపద్ధతి కల్పిస్తోంది. అబద్ధం సేవలో లేదు, దాని కథనంలో ఉంది. అందులో సగం బాధ్యత అడిగేవారిది.

అభ్యాసం వల్ల గుణం అబ్బుతుందన్న అరిస్టాటిల్ మాటతో ఇక్కడ సమాధానపడవచ్చుననిపిస్తుంది. కాని సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని యోగ్యాసూత్రీయమనే అధ్యాయం గుర్తుకు వస్తే ఆ సమాధానం నిలవదు. ‘యోగ్య’ అంటే చేతికి పని అలవాటు చేయడం: కోత సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద, కట్టు కట్టడం బొమ్మ మీద నేర్వాలని అక్కడి విధి. అలా నేర్చుకుంటే నేర్చుకునేవాని తప్పు మనిషి ఒంటి మీద పడదు. కరుణ నేర్వడానికి అటువంటి సొరకాయ లేదు. అది మొదటి రోజు నుంచీ మనిషి మీదనే నేర్వాలి; అందుచేత ప్రతి సేవాగంటా విద్యార్థి ఇచ్చిన దానం కన్నా రోగి దగ్గర చేసిన అప్పుగానే ఎక్కువ లెక్కకు వస్తుంది. దరఖాస్తులో గంటలకు గడి ఉంది, ధ్రువపరచేవారి పేరుకు గడి ఉంది. ఆ అప్పు ఇచ్చినవారి పేరుకు మాత్రం గడి లేదు, రోగి గోప్యత దృష్ట్యా ఉండకూడదు కూడా.