చరిత్ర గాయాలు - చలనచిత్ర ధర్మం

ఒక సమాజం తన గాయాలను ఏ విధంగా స్మరించుకోవాలన్నది చరిత్రకారుల సమస్య మాత్రమే కాదు. కళాకారుల ధర్మసంకటం కూడా. జరిగిన అన్యాయాన్ని మరుగుపరిస్తే మృతులకు ద్రోహం చేసినట్లవుతుంది. దానిని కళ్లకు కట్టినట్లు ప్రదర్శిస్తే పరుల వేదన ప్రేక్షకుల వినోదంగా మారే ప్రమాదం ఉంది. ఈ సంకటానికి తైవాన్ దర్శకుడు హౌ షియావో-షియెన్ చిత్రాలు చూపిన మార్గం పరిశీలించదగినది. 2014లో న్యూయార్క్‌లో ప్రారంభమై పలు నగరాలలో కొనసాగిన ఆయన చిత్రాల సింహావలోకనోత్సవం ఆ మార్గాన్ని సమగ్రంగా దర్శించే అవకాశం కల్పించింది.

హౌ 1947లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో జన్మించారు. ఆయన పసితనంలోనే కుటుంబం తైవాన్ చేరింది. స్వీయానుభవాల ఆధారంగా 1985లో తీసిన 'ఎ టైమ్ టు లివ్ అండ్ ఎ టైమ్ టు డై' చిత్రంలో, సముద్రం అడ్డుగా ఉన్నదన్న సంగతి మరచి, వంతెన దాటితే సొంత ఊరు వస్తుందని మనవణ్ణి వెంట రమ్మనే నాయనమ్మ కనిపిస్తుంది. వలస వచ్చినవారి వేదన ఆయనకు ఇంటి అనుభవమే. అయితే ఆయన అక్కడే ఆగలేదు. ఆ ద్వీపవాసుల వేదనను కూడా చెప్పవలసిన బాధ్యతగా స్వీకరించారు.

యాభై ఏళ్ల జపాన్ పాలన 1945లో ముగియగా, చైనా జాతీయవాద ప్రభుత్వం తైవాన్‌ను స్వాధీనం చేసుకున్నది. 1947 ఫిబ్రవరి 27న తైపేలో దొంగ సిగరెట్లు అమ్ముతున్న ఒక వితంతువుపై అధికారులు చేసిన దౌర్జన్యం మరునాటికి తిరుగుబాటుగా మారింది. దానిని సైన్యం అణచివేసింది. ఈ అణచివేతలో మరణించినవారు 18 వేల నుండి 28 వేల వరకు ఉండవచ్చునని 1992 నాటి ప్రభుత్వ నివేదిక అంచనా వేసింది. 1949 నుండి 1987 వరకు సాగిన సైనిక శాసనం కింద ఈ ప్రస్తావనే నిషిద్ధంగా ఉండేది. అది తొలగిన రెండేళ్లకే, 1989లో, హౌ 'ఎ సిటీ ఆఫ్ శాడ్‌నెస్' తీశారు. వెనిస్ చలనచిత్రోత్సవంలో దానికి స్వర్ణసింహం లభించింది.

ఈ చిత్రంలో ప్రధాన పాత్రధారి వినికిడి లేని, మాటాడలేని ఛాయాచిత్రకారుడు. చెరసాలలో తోటి ఖైదీలను పిలిచి తీసుకువెళ్తారు. తుపాకుల చప్పుడు ప్రేక్షకులకు వినిపిస్తుంది, అతనికి వినిపించదు. రైలులో చైనా నుండి వచ్చినవారిని వెదుకుతున్న స్థానికుల గుంపు అతణ్ణి నిలదీస్తుంది. సమాధానం స్పష్టంగా పలకలేని మనిషి ప్రాణం అనుమానం పాలవుతుంది. అన్యాయానికి గురైన జనసమూహం సైతం నిరపరాధి పట్ల అన్యాయానికి సిద్ధపడగలదన్న చేదు నిజాన్ని దర్శకుడు దాచలేదు.

మారణకాండను ప్రత్యక్షంగా చూపకపోవడం వల్ల పాలకుల నేరం తేలికపడిందని కొందరు ఆక్షేపించారు. ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. చెప్పకపోవడం ఎప్పుడూ సంయమం కాదు, కొన్నిసార్లు అది పిరికితనం. వాచ్యార్థం స్థిరంగా నిలిచినప్పుడు ధ్వనికి బలం చేకూరుతుంది. ఈ చిత్రంలో ఆ స్థిరత్వం ఉంది. ఛాయాచిత్రకారుడు భార్యాబిడ్డలతో కలిసి చివరి ఫొటో తీసుకుంటాడు. అతని నిర్బంధం గురించి భార్య రాసిన ఉత్తరం ద్వారా మాత్రమే తెలుస్తుంది; ఆపై అతని జాడ లేదు. బాధిత కుటుంబాలకు దక్కిన సత్యం కూడా ఇంతే కదా! వారిలో ఎందరో హత్యను చూడలేదు, ఇంటిలో ఏర్పడిన ఖాళీని చూశారు. కెమెరా వారు నిలిచిన చోటనే నిలిచింది. పరుల దుఃఖాన్ని చెప్పబూనినవాడు దానికి యజమానిగా కాక సాక్షిగా ఉండాలన్నదే ఇందులోని ధర్మం.

1995లో తైవాన్ అధ్యక్షుడు బాధితులకు క్షమాపణ చెప్పారు. 1997 నుండి ఫిబ్రవరి 28 శాంతి స్మారక దినంగా సెలవు దినమైంది. జ్ఞాపకశక్తిని హరించే వ్యాధి కారణంగా హౌ చిత్ర నిర్మాణం నుండి విరమించుకున్నారని 2023లో ఆయన కుటుంబం ప్రకటించింది. ఒక జాతి స్మృతిని భద్రపరచిన దర్శకుని విషయంలో ఇది బాధాకరమే. అయినా ఏ స్మృతి భారమూ ఒక్క మనిషి నిరంతరం మోయదగినది కాదు. సింహావలోకనం పేరిట ఆ చిత్రాలను మళ్లీ చూడడం దర్శకునికి చేసే సన్మానం మాత్రమే కాదు. ఆ భారంలో కొంత ప్రేక్షకులు తమపైకి తీసుకోవడం కూడా.