నానీమా చెప్పే కథ అబద్ధమవుతుందా?

ధర్మం పట్ల శ్రద్ధ గల తల్లులు కొందరు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లలతో సైతం అబద్ధమాడరాదని షరీఅత్ ఆదేశిస్తోంది. మరి రాత్రిపూట పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతూ చిలుక మాట్లాడిందనీ, చేప జవాబిచ్చిందనీ చెబుతున్నామే, ఇది అబద్ధం కిందికి రాదా? ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేయకూడదు. తన నాలుక గురించి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలన్న భయం ఉన్న ఇంట్లోనే ఇలాంటి అనుమానం పుడుతుంది.

అనుమానానికి ఆధారాలు కూడా గట్టివే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో ఒకసారి ఆయన తల్లి "ఇలా రా, నీకొకటి ఇస్తాను" అని పిలిచారు. దైవప్రవక్త (స) అప్పుడు వారింట్లోనే ఉన్నారు. ఏమివ్వదలచుకున్నావని అడిగితే ఖర్జూరం ఇస్తానని ఆమె బదులిచ్చారు. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ లెక్కలో ఒక అబద్ధం రాయబడేదని ఆయన (స) హెచ్చరించారు. ఇది అబూదావూద్‌లో ఉంది. జనాన్ని నవ్వించడానికి అబద్ధాలు చెప్పేవాడికి వినాశం తప్పదన్న హదీసు కూడా అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. ఈ రెండూ చదివిన తల్లి "అనగనగా ఒక రాజు" అనడానికి వెనకాడితే తప్పు పట్టలేము.

అయితే అబద్ధం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. జరగనిదాన్ని జరిగిందని ఎదుటివాడు నమ్మేలా చెప్పడమే అబద్ధం. ఖర్జూరం ఇస్తానంటే ఆ పిల్లవాడు నమ్మి వస్తాడు. ఇవ్వకపోతే మోసపోతాడు. కథ సంగతి అది కాదు. చెప్పేవారికీ వినేవారికీ ఇది కథేనని ముందే తెలుసు. ఆ ఒప్పందాన్ని ప్రతి భాషా కథ మొదట్లోనే చాటుతుంది. తెలుగులో "అనగనగా" అంటే నలుగురూ అనుకునే మాట అనే కదా! అరబ్బులు "కాన యా మా కాన్" అంటారు. ఫార్సీలో "యకీ బూద్, యకీ నబూద్" అని మొదలుపెడతారు. ఒకడుండేవాడు, ఒకడు లేడు అని దాని అర్థం. ఆ వెంటనే దేవుడు తప్ప మరెవరూ లేరని కూడా చేర్చుతారు. ఉర్దూలో మన పెద్దవాళ్లు "ఏక్ థా బాద్‌షా, హమారా తుమ్హారా ఖుదా బాద్‌షా" అనేవారు. రాజు పేరెత్తగానే అసలు రాజెవరో గుర్తుచేసి గానీ కథలోకి దిగేవారు కాదు. ఇక చివర్లో కథ కంచికి, మనం ఇంటికి. కథకు రెండు వైపులా కంచె వేసి ఉంది. ఆ కంచె లోపల చిలుక మాట్లాడితే ఎవరూ మోసపోరు.

దైవప్రవక్త (స) సున్నత్‌లోనూ దీనికి దారి కనిపిస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల్లో రెక్కలున్న గుర్రం ఒకటుండేది. గుర్రానికి రెక్కలా అని ఆయన (స) అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె తిరిగి అడిగారు. ఆయన (స) దవడ పళ్లు కనిపించేలా నవ్వారు. బొమ్మను విరగ్గొట్టమనలేదు. పదకొండు మంది స్త్రీలు తమ భర్తల గురించి చెప్పుకున్న ఉమ్మె జర్‌అ కథను ఆమె సుదీర్ఘంగా వినిపిస్తే ఓపిగ్గా విన్నారు కూడా. అరబీ మదర్సాలలో మేము పాఠ్యగ్రంథంగా చదివే 'మఖామాత్' రచయిత హరీరీ (మరణం 1122) తన గ్రంథం పీఠికలో ఈ చర్చే లేవదీశారు. జంతువుల నోట మాటలు పలికించిన కథలను చెప్పినవారిని ఎవరూ పాపులనలేదని ఆయన వాదన.

కొందరు లుఖ్మాన్ సూరాలోని 6వ ఆయతును ముందుకు తెస్తారు. మక్కా అవిశ్వాసి నజ్ర్ బిన్ హారిస్ పారశీక వీరుల కథలు తెచ్చి జనాన్ని ఖుర్ఆన్ వినకుండా మళ్లించేవాడన్న ఉల్లేఖనాన్ని ముఫస్సిర్లు ఇక్కడ పేర్కొన్నారు. నిజమే. కానీ అల్లాహ్ మార్గం నుంచి తప్పించాలన్న ఉద్దేశాన్ని ఆయతు స్వయంగా ప్రస్తావించింది. ఇషా నమాజును మింగేసే కథ, అది నానీమాది కానీ సెల్‌ఫోన్‌లోది కానీ, ఆ ఆయతు పరిధిలోకి వస్తుంది. నమాజయ్యాక పక్క మీద చెప్పే కథ రాదు.

గోదావరి జిల్లాల్లో మన పిల్లలు రెండు భాషల కథలు వింటూ పెరుగుతారు. ఇంట్లో నానీమా ఉర్దూలో చెబుతుంది, పక్కింటి మామ్మగారు అరుగు మీద తెలుగులో చెబుతారు. రెండిటిలోనూ ఒకే కథ ఎదురైతే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యమేమీ లేదు. పంచతంత్రం 6వ శతాబ్దంలో నౌషేర్వాన్ బాద్‌షా కాలంలో పహ్లవీలోకి వెళ్లింది. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా దాన్ని 'కలీలా వ దిమ్నా' పేరుతో అరబీలోకి తెచ్చారు. తర్వాత ఫార్సీలో 'అన్వారె సుహైలీ' అయింది. మన దేశపు మదర్సాలలో ఫార్సీ పాఠంగా ఎన్నో తరాలు చదివారు. ఇటు తెలుగులో చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'గా సగం రాస్తే, మిగిలిన విగ్రహం, సంధి భాగాలను మన రాజమండ్రివాసి కందుకూరి వీరేశలింగం (1848-1919) రాశారు. మౌల్వీ సాహెబు దగ్గర ఫార్సీ చదివిన తాత, బడిలో తెలుగు చదివిన మనవడు నేర్చుకున్నది ఒకే ఎద్దూ సింహం కథ!

ఇలా రాతలో ప్రయాణించినవి కొన్నే. ఎవరు ఎవరికి చెప్పారో తెలియకుండానే లోకమంతా ఉన్నవి చాలా. ఫిన్లాండ్ పండితుడు ఆర్నె 1910లో ఈ కథల రకాలకు అంకెలు వేసి ఒక పట్టిక చేశారు. థాంప్సన్ 1928లో, 1961లో దాన్ని పెంచారు. 2004లో ఊథర్ మళ్లీ సవరించారు. అందులో గొలుసు కథలకే ఒక ప్రత్యేక విభాగముంది. మన ఏడు చేపల కథ ఆ జాతిదే.

ఉప్పాడ, అంతర్వేది తీరాల్లో చేపలు ఎండబెట్టడం చూసిన పిల్లలకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. రాజకుమారులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. తప్పు గడ్డిమేటుదంటుంది చేప. గడ్డిమేటు ఆవు మీదికి నెడుతుంది. ఆవు పాలేరు మీదికి, పాలేరు అన్నం పెట్టని అవ్వ మీదికి, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీదికి, పిల్లవాడు కుట్టిన చీమ మీదికి. చీమ మాత్రమే తాను చేసింది ఒప్పుకొని, తన పుట్టలో వేలు పెడితే కుట్టనా అని కారణం చెబుతుంది. పిల్లలు నవ్వుతారు. మేము దీన్ని వట్టి నవ్వులాటగా తీసుకోలేము. దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా చూడండి. ఆదం (అలై), ఆయన సతీమణి తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకున్నారు. ఇబ్లీస్ తన మార్గభ్రష్టత్వాన్ని ఏకంగా అల్లాహ్ మీదికే నెట్టాడు. మానవజాతి మొదటి కథలోనే ఈ రెండు దారులూ చీలిపోయాయి. గ్లాసు పగిలినప్పుడు "తమ్ముడు తోశాడు" అనే పిల్లవాడికి ఏడు చేపల కథ మళ్లీ ఒకసారి చెప్పి, వీళ్లలో నువ్వెవరని అడగండి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మన పిల్లలకు రెండు కథలు తప్పకుండా చెబుతాము. మొదటిది ఆవూ పులీ. 15వ శతాబ్దపు అనంతామాత్యుడు 'భోజరాజీయం'లో చెప్పాక తెలుగునాట ఇంటింటి కథ అయింది. బిడ్డకు పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చిన ఆవు, చస్తానని తెలిసీ తిరిగి వచ్చింది. రెండోది కోతీ మొసలీ. భార్య కోసం గుండె కావాలని మొసలి తనను నడినీటికి తీసుకుపోతోందని తెలిసిన కోతి, గుండెను చెట్టు మీదే వదిలి వచ్చానని అబద్ధమాడి ఒడ్డెక్కింది. ఇదీ లోకమంతా తిరిగిన కథే. అరబీలో మొసలి తాబేలయింది. కొరియాలో కుందేలు కాలేయం కోసం తాబేలు వస్తుంది. తూర్పు ఆఫ్రికా స్వాహిలీ ముస్లింలు చెప్పుకునే కథలో సొరచేప వస్తుంది.

ఒక కథలో ప్రాణం పోయినా మాట తప్పరాదు. మరో కథలో ప్రాణం కోసం అబద్ధమాడినవాడే తెలివైనవాడు. ఏది నిజమని తెలివైన పిల్ల అడిగి తీరుతుంది. "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అనడం జవాబు కాదు.

ధర్మవేత్తలు దీన్ని విడమరచి చెప్పారు. ఇమామ్ గజాలీ (రహ్మలై) 'ఇహ్యా ఉల్ ఉలూమ్'లో రాసిన ప్రకారం, దుర్మార్గుడి నుంచి తప్పించుకొని దాక్కున్న నిరపరాధి జాడ అడిగితే తెలియదని చెప్పడం అనుమతే కాదు, విధి కూడా. కోతి చేసింది ఇదే. ఎవరి సొమ్మూ కాజేయలేదు, ఎవరికీ మాటివ్వలేదు. తనను చంపబోతున్న ద్రోహి చేతినుంచి ప్రాణం కాపాడుకుంది. ఆవు విషయం అది కాదు. అది మాటిచ్చింది, ఆ మాట మీదే పులి దాన్ని వదిలింది. ఇచ్చిన మాట శత్రువుకిచ్చినా మాటే. సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా ఖురైషులు పట్టుకొని, ముహమ్మద్ (స) పక్షాన యుద్ధం చేయబోమని మాట తీసుకొని వదిలారు. ఎదుట బద్ర్ యుద్ధముంది. ముస్లింలు శత్రువులో దాదాపు మూడో వంతే. ఇద్దరు యోధులు ఎంతో అవసరమైన రోజది. అయినా దైవప్రవక్త (స) వారిని యుద్ధంలోకి తీసుకోలేదు. మాట నిలబెట్టుకోమని, తాము అల్లాహ్ సహాయాన్ని అర్థిస్తామని చెప్పి పంపేశారు. ఈ సంఘటనను ఆవు కథ పక్కన పెట్టి చెబితే పిల్ల రెండు కథలనూ వేరు చేసి చూడగలుగుతుంది. నక్క పిండివంటల కోసం ఆడే అబద్ధాలు ఈ రెండిటిలోనూ చేరవని కూడా చెప్పాలి. పిల్లలు కోతి దారి నేర్చి నక్క పని చేస్తారు!

సవతి తల్లి కథల గురించి ఒక్క మాట. చీనా నుంచి ఐరోపా దాకా ఆమె చెడ్డదే. మన వీధుల్లో మారుతల్లి పెంచుతున్న పిల్లలుంటారు, కథ వినే గుంపులో వారూ ఉంటారు. చూసి చెప్పండి.

ఏడు సముద్రాల అవతల, చెట్టు తొర్రలో, చిలుకలో మాంత్రికుడి ప్రాణం. బాలనాగమ్మ కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. రష్యాలో కొషెయ్ అనే దుష్టుడి చావు గుడ్డులోని సూదిలో ఉంటుంది. 1868లో అచ్చయిన దక్కన్ కథల ఆంగ్ల సంపుటిలోనూ చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడున్నాడు. బాలనాగమ్మలోని మాంత్రికుణ్ణి కొందరు మాయల మరాఠీ అంటారు, మరికొందరు మాయల ఫకీరు అంటారు. ఫకీరు అనేసరికి మన పిల్లలు ముఖం చిన్నబుచ్చుకుంటారు. నొచ్చుకోనక్కర లేదు. అరబ్బుల అల్లావుద్దీన్ కథలో మాంత్రికుడు దూరదేశపు మగ్రిబీవాడు. ప్రతి జాతీ మాంత్రికుణ్ణి పొరుగువాడిగానే ఊహించుకుంది, మనవాళ్లతో సహా. ఇక విశ్వాసం సంగతి. ప్రాణం తీసేదీ ఇచ్చేదీ అల్లాహ్ ఒక్కడే. చిలుక కథ విన్న పిల్లవాడు తెల్లారి చిలుకలకు దండం పెట్టడు. కానీ తాడులోనో, గవ్వలోనో, రాగి రేకులోనో తన బతుకు ఉందని నమ్మి ఊరూరా తిరిగే పెద్దలున్నారు. కథలో ఉన్నామని తెలియనిది వాళ్లకే.

దీన్నిబట్టి అసలు ప్రమాదం ఎటు నుంచో తెలుస్తుంది. కథ కథ వేషంలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. అది దీన్ వేషం వేసుకున్నప్పుడే అబద్ధమవుతుంది. రజబ్ 22న కొన్ని ఇళ్లలో కుండలు నింపి చదివించే కట్టెలవాడి కథే చూడండి. పేద కట్టెలవాడు పరదేశం పోతాడు. అతని భార్య వజీరు ఇంట్లో పనికి కుదురుతుంది. హజ్రత్ ఇమామ్ జాఫర్ సాదిఖ్ (రహ్మలై) పూరీలు చేసి తన పేర ఫాతిహా ఇప్పిస్తే కోరిక తీరుతుందన్నారని విని ఆమె అలా చేస్తుంది, మొగుడికి నిధి దొరుకుతుంది. నమ్మని వజీరు భార్యకు కష్టాలు వచ్చిపడతాయి. మూటలోని ఖర్బూజా రాజకుమారుడి తలగా మారుతుంది. పేదవాడికి నిధి, గొప్పింటివారి అహంకారానికి శిక్ష, పండు తలగా మారడం, ఇవన్నీ పైన చెప్పుకున్న కథల సామానే. కథగా చెప్పుకుంటే ఎవరూ కాదనరు. కానీ ఇందులో మదీనాలో బాద్‌షా, వజీరు ఉన్నారు. ఇమామ్ గారు హిజ్రీ 148 (క్రీ.శ. 765)లో మరణించారు. ఆయన జీవితకాలంలో ఖలీఫాల రాజధాని మొదట సిరియాలోనూ, తర్వాత ఇరాక్‌లోనూ ఉంది. మదీనాలో వజీరు మహలు ఎక్కడిది? ఒక మహనీయుడి నోట ఆయన అనని మాట పెట్టి, దాన్ని ఆరాధనకు ఆధారం చేశారు. దీన్ని శ్రద్ధగా చదివించే అక్కాచెల్లెళ్ల సంకల్పాన్ని మేము శంకించడం లేదు. కష్టాల్లో ఉన్న స్త్రీకి ఆశ కావాలి. ఆ ఆశను దుఆలో వెతుక్కోమంటున్నాము.

ఇది కొత్త జబ్బు కాదు. మస్జిదుల్లో జనాన్ని ఏడిపించడానికి కథలల్లిన ఖిస్సాగోల గురించి ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (మరణం 1201) ఒక గ్రంథమే రాశారు. తన పేర బుద్ధిపూర్వకంగా అబద్ధమాడినవాడు నరకంలో చోటు చూసుకోవాలని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి ఎంతోమంది సహాబీల ద్వారా మనకు చేరింది. తెల్లవారితే పిల్లవాడు నమ్మే కథకూ, పెద్దయ్యాక చరిత్ర చదివి నవ్వే కథకూ ప్రవక్తల పేర్లు తగిలించిన ఇంట్లో, ఆ నవ్వు రేపు యూసుఫ్ (అలై) గాథ మీదికీ పాకుతుంది.

అందుకని తల్లులకు మేమిచ్చే సలహా చిన్నది. అన్‌నమ్ల్ సూరాలోనూ చీమ మాట్లాడుతుంది. సులైమాన్ (అలై) సైన్యం వస్తోంది, తెలియక తొక్కేస్తారు, పుట్టల్లోకి వెళ్లండని తోటి చీమలను హెచ్చరిస్తుంది. అది విని ఆయన చిరునవ్వు నవ్వి అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఆ చీమనూ, ఏడు చేపల చీమనూ ఒకే రాత్రి చెప్పకండి. సులైమాన్ (అలై) గాథ చెప్పే రోజు "అనగనగా" అనకండి. పిల్లవాణ్ణి లేపి కూర్చోబెట్టండి, బిస్మిల్లాహ్ అనండి, ముస్హఫ్ తెరిచి ఆ ఆయతు ఎక్కడుందో వేలితో చూపించండి. "ఇది నిజంగా జరిగిందా అమ్మీ?" అని వాడడిగితే అవునని చెప్పండి. చేపల కథకు అదే ప్రశ్న అడిగితే, లేదు నాన్నా, అది కథ అని చెప్పండి.