స్వతంత్ర వృత్తిలో పారతంత్ర్యము

సికింద్రాబాదు నుండి కరీంనగరం వైపు సాగే రాజీవ్ రహదారిపై అల్వాల్, హకీంపేటలు దాటిన పిదప తూంకుంట వస్తుంది. ఆ ఊరి పేరులో తూము, కుంట అనే రెండు మాటలూ వినిపిస్తాయి. మరికొంత దూరం పోతే శామీర్‌పేట పెద్దచెరువు. ఈ ప్రాంతపు పాత సేద్యం రెండు విధాలు. చెరువు క్రింది ఆయకట్టు ఒకటి, వాననే నమ్ముకొన్న చెలక మరొకటి. నీరటి తూము ఎత్తిన వేళకు ఆయకట్టు రైతుకు నీరు అందుతుంది. తన వంతు ఎప్పుడో అతనికి ముందుగానే తెలుసు. చెలక రైతు ఆకాశం వైపు చూడాలి. ఏమి విత్తాలో, ఎప్పుడు విత్తాలో నిర్ణయం అతనిదే గాని, వాన అతని చేతిలోనిది కాదు. నేడు అక్కడి పొలాలలో చాలా భాగం ఇళ్ల స్థలాలైనవి. అయినా ఆ రెండు సేద్యాలూ వేరొక రూపంలో ఆ ఇళ్లలోనే సాగుతున్నవి. నెలనెలా జీతం అందుకొనే ఉద్యోగి ఆయకట్టు రైతు వంటివాడు. కొలువు మాని, తన విద్యనే నమ్ముకొని, వచ్చిన పని చేసిపెట్టి ప్రతిఫలం పుచ్చుకొనేవాడు చెలక రైతు వంటివాడు.

ఇటువంటి రెండవ తరగతివారు నగర శివార్లలో ఇప్పుడు చాలామంది కనబడుతున్నారు. లెక్కలు చూచేవారు, కట్టడాలకు పటాలు గీసేవారు, అనువాదకులు, కంప్యూటరు విద్య నేర్చినవారు వీరిలో ఉన్నారు. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ఎందరో తొలిసారిగా ఇంటినుండి పనిచేసి, కార్యాలయపు గోడలు లేకుండా కూడా పని జరుగుతుందని తెలుసుకొన్నారు. అయితే కొలువు వదలిన ఇంటిలో మారేది పనిచేసే చోటు ఒక్కటే కాదు. భవిష్యనిధికి ఉద్యోగి వేతనంలో నూటికి 12 వంతులు కడితే యజమాని కూడా తన వాటా కట్టేవాడు. ఆ వాటా ఆగిపోతుంది. కుటుంబ వైద్యానికి సంస్థ చేయించిన బీమా పోతుంది. బ్యాంకువారు అప్పుకు జీతపు చీటీ అడిగితే చూపడానికి ఉండదు. ఏడాదిలో సేవల రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జి.ఎస్.టి. నమోదు కూడా తన పేరనే చేయించుకోవాలి.

ఇవన్నీ తెలిసిన ఇంటి పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు: "మంచిగున్న నౌకరి ఎందుకు ఇడిసిపెట్టినవు బిడ్డా?" సాధారణంగా వచ్చే సమాధానం ఇది: "ఇక ఎవరి క్రిందా ఉండను. నాకు నేనే యజమానిని."

పెద్దల ప్రశ్న లోకవ్యవహారానికి సంబంధించినది. ఈ సమాధానం తత్త్వానికి సంబంధించినది. కనుక శ్రీవైష్ణవ గృహంలో దీనిని కొంత నిదానించి చూడవలసి ఉన్నది.

మన సంప్రదాయంలో స్వాతంత్ర్యమనే మాట లోకంలో వలె పొగడ్తగా వినబడదు. సర్వస్వతంత్రుడు శ్రీమన్నారాయణుడు ఒక్కడే. జీవుడు ఆయనకు శేషభూతుడు, పరతంత్రుడు. 'నేను స్వతంత్రుడను' అనే తలంపునే పూర్వాచార్యులు జీవుని మూలరోగంగా ఎంచినారు. అట్లని జీవునికి కర్తృత్వం లేదని వారు చెప్పలేదు. సంకల్పించుకొనే శక్తి, పూనుకొనే శక్తి అతనికి ఉన్నవి. అవి ఈశ్వరుని అనుమతిపై నడుస్తాయి. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం ఏ కార్యానికైనా ఐదు కారణాలు చెప్పినది. అవి అధిష్ఠానమైన శరీరము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవదిగా దైవము. అక్కడ దైవమంటే అంతర్యామియైన పరమాత్మయే అని భగవద్రామానుజులు భాష్యం చేసినారు.

కొలువులో ఉన్నంతకాలం ఈ ఐదింటినీ విడదీసి చూచే అవసరం ఉద్యోగికి అంతగా రాదు. జీతం ఒకటవ తేదీకి వస్తుంది, వచ్చినందుకు కారణం సంస్థ అని అతడు అనుకొంటాడు. కొలువు వదలిన మూడవ నెలలోనో, నాలుగవ నెలలోనో ఐదూ విడివిడిగా కనబడడం మొదలవుతుంది. నడుము నొప్పి పుడితే ఆనాటి సంపాదన లేదు, కనుక శరీరం ఒక కారణం. పనిముట్టు చెడిపోతే పని నిలుస్తుంది, అది మరొక కారణం. అన్నీ సరిగా ఉండి, శ్రద్ధగా చేసి ఇచ్చినా, పని అప్పగించినవాడు మూడు నెలలు డబ్బు ఇవ్వడు. ఎన్నడో చేసిన చిన్న పనిని చూచి ఎరుగనివాడొకడు వచ్చి పెద్ద పని అప్పగిస్తాడు. ఇక్కడ ఐదవ కారణాన్ని తలచక తప్పదు. 'నాకు నేనే యజమానిని' అన్నవానికి తాను యజమాని కాడని ఇంత త్వరగా తెలియజెప్పే గురువు మరొకడు లేడు. వ్యక్తి ఎదుగుదల అనేది ఈ మార్పులో ఉన్నదంటే అది ముందు ఇక్కడ ఉన్నది. రాబడి హెచ్చడం దాని తరువాతి మాట, హెచ్చకపోనూవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు అవగాహనను ప్రస్తావించుకోవాలి. కొలువు వదలేవారికి ధైర్యం చెప్పేవారు గీత తొమ్మిదవ అధ్యాయంలోని 22వ శ్లోకాన్ని తరచుగా ఉదాహరిస్తారు. అనన్యంగా చింతించేవారి యోగక్షేమాలను తానే వహిస్తానని భగవానుడు పలికిన శ్లోకమది. ఆ శ్లోకపు చివరి మాటలనే భారతీయ జీవిత బీమా సంస్థ తన చిహ్నానికి తీసుకొన్నది, అందువల్ల శ్లోకం తెలియని ఇంటికి కూడా ఆ మాటలు తెలుసు. లేనిది లభించడం యోగము, లభించినది నిలవడం క్షేమము అని లోకంలో అర్థం చెప్పుకొంటారు. రామానుజ భాష్యం అంతకు పైకి పోయినది. తనను పొందడమే యోగమనీ, పొందిన పిమ్మట తిరిగి రాకుండడమే క్షేమమనీ అక్కడ ఉన్నది. అది పరమపదాన్ని గూర్చిన అభయము. నెల ఖర్చుకు పూచీకత్తుగా దానిని చూపి భార్యాబిడ్డలను ఒప్పించడం ఆ శ్లోకానికి న్యాయం చేసినట్లు కాదు. పోష్యవర్గాన్ని కాపాడడం గృహస్థుని ధర్మమే. ఆరు నెలల గ్రాసానికి సరిపడు నిలువ, ఇంటిల్లిపాదికీ వైద్య బీమా, ఇల్లాలి సమ్మతి సమకూర్చుకొని బయలుదేరినవాడు విశ్వాసం తక్కువవాడు కాడు. సమ్మతి అడుగకుండానే రాజీనామా ఇచ్చి, పిదప దేవునిపై భారం వేసినవారి ఇళ్లలో ఆ భారాన్ని నిజంగా మోసినది ఆ ఇల్లాలే.

అయితే కొలువే బంధమా? తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) చరిత్ర ఈ సందర్భంలో పరిశీలింపదగినది. మనుమడు చినతిరువేంగళనాథుడు రచించిన చరిత్రము ప్రకారం, సాళువ నరసింగరాయడు ఆచార్యుని ఆదరించి తన కొలువునకు రప్పించుకొన్నాడు. సన్మానాలు జరిగినవి, ఆచార్యుడు వాటిని స్వీకరించినాడు. రాజాశ్రయంలో ఉండడం తన కైంకర్యానికి లోపమని ఆయన అనుకొన్నట్లు ఆ కథలో లేదు. స్వామిపై పాడిన శృంగార పదం ఒకటి విని మురిసిపోయిన రాజు తనపై కూడా అటువంటి పదం చెప్పుమని అడిగినాడు. ఆచార్యుడు చెవులు మూసుకొన్నాడు, హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తింపనన్నాడు. సంకెలలు పడినవి, పాటతో అవి వీడినవి. రాజు పశ్చాత్తాపపడినాడు.

సంకెల వీడిన మహిమనే భక్తులు ఎక్కువగా తలచుకొంటారు. కాని గృహస్థునికి అంతకంటె పనికివచ్చేది దానికి ముందటి ఘట్టము. అన్నము పెట్టే చేయి అడుగరానిది అడిగినప్పుడు మాత్రమే ఆయన కాదన్నాడు. ఉద్యోగికి ఈ పరీక్ష అరుదుగా వస్తుంది, వచ్చినా పైవారు చెప్పినారనే సాకు ఒకటి ఉంటుంది. స్వతంత్ర వృత్తిలో ఉన్నవానికి ఒక రాజు పోయి పదిమంది రాజులు వస్తారు. ఒకడు లెక్కలో లేని ఖర్చు వ్రాయుమంటాడు. మరొకడు ఇతరులు గీసిన పటాన్ని కొద్దిగా మార్చి ఇమ్మంటాడు. పని లేని నెలలో వచ్చిన అటువంటి మాటకు ఎదురుగా అతడు ఒంటరిగా కూర్చుంటాడు. పైవారు లేరు, సాకు లేదు. ఇంటి అద్దె మాత్రం ఉన్నది. అప్పుడు అతడు చెప్పే జవాబే అతని వృత్తి ధర్మాన్ని తేల్చుతుంది. కాదన్నందుకు ఏ మహిమా జరుగకపోవచ్చు. ఆ నెల అప్పుతో గడుస్తుంది, అంతే.

మరొక బాధ దీనికి విపరీతమైనది, పనులు ఎక్కువైనప్పటిది. కార్యాలయానికి గంట ఉండేది, ఆదివారం ఉండేది. ఇంటిలో పనిచేసేవానికి గంట కొట్టేవారు లేరు. ఏ పనిని వదలుకొన్నా రేపు వస్తుందో రాదో అనే భయంతో అతడు భోజనపు విస్తరి ముందు కూడా టెలిఫోను పట్టుకొని కూర్చుంటాడు. తెల్లవారు జామున లేచి చేసేది తిరువారాధనం కాక బాకీపడ్డ పని అవుతుంది. యజమాని క్రింద రోజుకు ఎనిమిది గంటలు చేసినవాడు తన క్రింద తాను పదునాలుగు గంటలు చేస్తాడు. 'నేనే యజమానిని' అన్నవానికి దొరికిన యజమాని అంత కఠినుడు!

పాంచరాత్రాగమం వైష్ణవుని దినాన్ని ఐదు కాలాలుగా విభజించినది. ప్రాతఃకాలంలో భగవంతుని సన్నిధికి చేరడం అభిగమనము. ఆ పిమ్మట ఆరాధనకు కావలసిన ద్రవ్యాలను సమకూర్చుకొనడం ఉపాదానము. మధ్యాహ్నం ఆరాధనమైన ఇజ్య, అపరాహ్ణంలో స్వాధ్యాయము, రాత్రి యోగము. వేదాంతదేశికులు శ్రీపాంచరాత్రరక్షలో ఈ అనుష్ఠానాన్ని విపులంగా స్థాపించినారు. ఇందులో సంపాదనకు ప్రత్యేకంగా ఒక కాలం ఉండడం గమనింపదగినది. దానిని లౌకికమని త్రోసివేయలేదు. స్వామి ఆరాధన కొరకు చేసే సేకరణ కనుక అదీ కైంకర్యమే. అదే సమయంలో దానికి హద్దు కూడా పెట్టినారు. ఐదింటిలో అది ఒకటి మాత్రమే.

ఈనాటి గృహస్థుడు ఆ కాలవిభాగాన్ని యథాతథంగా పాటించలేకపోవచ్చు. సముద్రాల ఆవలివారికి పనిచేసేవానికి వారి పగలు మన రాత్రి. అయినప్పటికీ ఉపాదానం ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగియాలో నిర్ణయించే అధికారం కొలువులో ఉన్నప్పుడు అతనికి లేదు, ఇప్పుడు ఉన్నది. కొలువు వదలి అతడు నిజంగా సంపాదించుకొన్న స్వాతంత్ర్యం ఈపాటిది. తూంకుంట ప్రక్కనే దేవరయాంజాల్‌లో శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయం ఉన్నది. ఉద్యోగంలో ఉండగా ఆదివారం తప్ప ఆ గుడి మెట్లెక్కడానికి తీరిక లేనివాడు, ఇప్పుడు బుధవారం ప్రొద్దుటే వెళ్లి స్వామిని సేవించుకొని, తీర్థం పుచ్చుకొని వచ్చి పనికి కూర్చోవచ్చు. వెళుతున్నాడా లేదా అన్నది అతని ఇంటివారికి తెలుసు.